నాలుగు గదుల కచేరీ

నా వీణ తండ్రి పేరేమిటని కిందటేడు ఒక కార్యాలయం వారు నన్ను రాతపూర్వకంగా అడిగారు. నేను కోపిష్టి మనిషినని మా వీధిలో అందరికీ తెలుసు. గమకం తప్పిన పిల్లలు నా మొహం చూడకుండానే మళ్లీ మొదలుపెడతారు. అలాంటిదాన్ని, ఆ గడి ముందు కలం పట్టుకుని, పనసచెట్టు అని రాయాలా, బొబ్బిలిలో దాన్ని చెక్కిన వడ్రంగి పేరు రాయాలా అని అరగంట బుద్ధిగా ఆలోచించాను. చివరికి పనసచెట్టు అనే రాశాను.

మొదటి నుంచి చెబుతాను. నా పేరు భ్రమరాంబ. గోదావరి పక్కన నూకలంకలో ముప్పై ఏళ్లుగా వీణ పాఠాలు చెబుతున్నాను. మేముండేది వరసగా నాలుగు వాటాలున్న పెంకుటిల్లు. ఎవరి పక్కన ఎవరుండాలో ఆలోచించకుండా అద్దెకిచ్చిన పుణ్యాత్ముడు మా ఇంటి ఓనరు. నా పక్కవాటాలో మస్తాన్ గారు బట్టలు కుడతారు, తీరిక దొరికితే బుల్‌బుల్ వాయిస్తారు. బుల్‌బుల్ అంటే ఒక పెట్టె, దాని మీద తీగలు, తీగలను నొక్కడానికి టైపు మిషన్‌కి ఉన్నట్టు మీటలు. మూడో వాటాలో ఏసురత్నం, నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు. నాలుగో వాటాలో చిట్టెయ్య. పని తాపీపని, ప్రాణం డప్పు.

ఆ ఇంటి గోడలు ఒంటి ఇటుకవి. ఎవరేం వాయించినా నలుగురం వినాల్సిందే. ఒక సాయంత్రం నేను మోహన రాగంలో పాఠం చెబుతుంటే ఏసురత్నం ఏదో ఊరేగింపు పాట అందుకున్నాడు. నాలుగు దులిపేద్దామని లేచి వెళ్లాను. గుమ్మంలో నిలబడి నోరు తెరిచాక తెలిసింది, అతను ఊదుతున్నదీ మోహనే. ఆ పేరు అతనికి తెలీదు. "మేం దీన్ని ఎదురుకోలు పాటంటామండి" అన్నాడు. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసుకుని వెళ్లి వీణ తెచ్చుకున్నాను.

తర్వాత రెండేళ్లు ఆ పాటను నలుగురం కలిసి వండాం. క్లారినెట్ శ్రుతి మారదు కాబట్టి నేనే వీణ తీగలు దించాను. మస్తాన్ గారు అక్కర్లేని మీటలు మోగకుండా వాటి కింద కోటు గుడ్డ ముక్కలు కుక్కారు. మధ్యలో వీణ వినపడాలని చిట్టెయ్య కర్రలు పక్కన పెట్టి వేళ్లతో వాయించడం నేర్చుకున్నాడు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. మా వీధి కుక్కలు తప్ప ఎవరూ వినలేదు. మాకూ వినిపించాలని లేదు.

ఇంతలో ఏసురత్నం పళ్లు కదిలాయి. పై వరసలో ముందు నాలుగూ. చక్కెర జబ్బు వల్ల చిగుళ్లు పాడయ్యాయనీ, నెలాఖరు శుక్రవారం తీసేయాల్సిందేననీ, ఆలస్యమైతే దవడకు పాకుతుందనీ డాక్టరు చెప్పాడు. క్లారినెట్‌ను పై పళ్లకు ఆనించి ఊదాలి. కట్టుడు పళ్లతో ఆ పట్టు రాదు. ఆ సంగతి చెప్పడానికి వచ్చి, ఏసురత్నం మా గడప దగ్గర నిలబడి నేల చూస్తూ అన్నాడు.

"నలభై ఏళ్లు నడుత్తానే ఊదానమ్మగారూ. ఊరేగింపులో అందరూ పెళ్లికొడుకునే చూత్తారు. పళ్లు పోయేలోగా ఒక్కసారి కుర్చీలో కూకుని ఊదాలండి. ఇనేవోళ్లు కూడా కూకుని ఇనాలండి. అంతేనండి."

దానికేం భాగ్యం, కళాభవనం అడుగుదాం, రేపే దరఖాస్తు పెడదాం అన్నాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో ఇంకోటి అనలేదు.

కళాభవనం అప్పటికి జిల్లా వాద్య వర్గీకరణ, పరిరక్షణ కార్యాలయం చేతిలోకి వెళ్లిపోయింది. 'ఒక వేదిక, ఒక సంప్రదాయం' అని కొత్త ఉత్తర్వు వచ్చిందట. సోమవారం శాస్త్రీయం, మంగళవారం జానపదం, బుధవారం పాశ్చాత్యం, గురువారం ఇతరములు. అధికారి పేరు విరూపాక్షరావు. నున్నగా దువ్విన తల, బల్ల మీద నాలుగు రంగుల సిరా. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడో ఏమో నాకు తెలీదు గానీ, కార్యాలయంలో ఆయన నోటివెంట వచ్చే ప్రతి ముక్కా ముందే టైపు చేసి ఉంచినట్టు వచ్చేది.

"వాద్యములు కలిసి మ్రోగుట వలన సంప్రదాయములు ఒకదానికొకటి అంటుకొనును. అంటుకొనిన పిదప ఏది యేదో నిర్ధారించుట శాఖకు కష్టతరమగును" అన్నాడు.

నిర్ధారించడం దేనికండీ అని అడిగాను. పరిరక్షించుటకు అన్నాడు. దేన్నుంచి అని అడిగాను. కలియుట నుండి అన్నాడు. ఆ తర్వాత చాలా దయగా ఒక ఉపాయం చెప్పాడు. వీణ సోమవారం, డప్పు మంగళవారం, క్లారినెట్ బుధవారం, బుల్‌బుల్ గురువారం వాయించుకోవచ్చు. నాలుగు రోజులూ వచ్చిన శ్రోతలు కావాలంటే ఇంటికి పోయి, తమ సొంత బాధ్యత మీద మనసులో కలుపుకోవచ్చు. దానికి శాఖకు అభ్యంతరం లేదు.

ఆయన గదిలో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి ఆయనది, రెండోదాని మీద ఫైళ్లు. అంతసేపూ ఏసురత్నం నిలబడే ఉన్నాడు.

నాలుగు రోజులు మాకొద్దు, ఒకే రోజు కావాలన్నాను. అలాగైతే ముందు వాద్యాలకు ధ్రువపత్రాలు కావాలని నాలుగు ఫారాలిచ్చాడు. మనుషులకిచ్చే ధ్రువపత్రం నమూనాలో 'వ్యక్తి' అని ఉన్నచోటల్లా 'వాద్యము' అని మార్చి అచ్చు వేయించారు. వాద్యము తండ్రి పేరు అందులోదే. ఏసురత్నం ఎక్కువ ఆలోచించలేదు. క్లారినెట్ వాళ్ల నాన్నది కాబట్టి 'పుల్లయ్య' అని రాసేశాడు. వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. దరఖాస్తుదారు తండ్రి, సదరు క్లారినెట్ తండ్రి ఒక్కరే అయినందున ఇద్దరూ అన్నదమ్ములని రికార్డులో తేలుతున్నదనీ, వీరిలో జ్యేష్ఠుడెవరో తెలుపవలెననీ.

"అదే పెద్దదండి. నేను పుట్టకముందు ఏడాది కొన్నాడండి మా నాన్న" అన్నాడు ఏసురత్నం, తాఖీదు మడిచి జేబులో పెట్టుకుంటూ. ఆ రోజు నుంచి క్లారినెట్ పెట్టెను రెండు చేతులతో ఎత్తడం నేను చూశాను.

బుల్‌బుల్ కథ వేరు. విరూపాక్షరావు దాని మీటలు చూసి, ఇది ముద్రణ యంత్రమునకు చెందినది, కార్యాలయ సామగ్రి కింద వచ్చును అని తేల్చాడు. టైపు లోయరు గ్రేడు పాసైన పత్రం తెమ్మన్నాడు. పెళ్లిళ్లకి వాయిస్తాను గానీ ఉత్తరాలు కొట్టనని మస్తాన్ గారు ఎంతో మర్యాదగా చెప్పారు. విరూపాక్షరావు అది కూడా రాసుకున్నాడు. డప్పును వాయించే ముందు మంట మీద కాచాలని చిట్టెయ్య చెప్పడం పొరపాటైంది. చర్మం బిగియకపోతే మోగదు మరి. అగ్నిమాపక కేంద్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలన్న షరతు పుట్టుకొచ్చింది. మా దరఖాస్తు ఐదు ప్రతుల్లో ఉండాలన్నారు, ఇచ్చాం. కాగితం అరంగుళం పొట్టిగా ఉందని ఐదూ తిప్పి పంపారు.

నెల సగమైంది. ఏసురత్నం అన్నం మెత్తగా పిసుక్కుని తింటున్నాడు. గట్టిదేదీ కొరకడం లేదు. ఆ నాలుగు పళ్లనూ నెలాఖరు దాకా దాచుకోవడమే పనిగా పెట్టుకున్నాడు.

నేను రోజూ కార్యాలయానికి వెళ్లి అరిచాను. నా అరుపు ఫలించి విరూపాక్షరావు రాజీకొచ్చాడు. నలుగురూ ఒకే రోజు, ఒకే వేదిక మీద వాయించవచ్చు. మధ్యలో తొమ్మిది అడుగుల చెక్క గోడలు లేస్తాయి. ప్రతి వాద్యం ముందు దాని శ్రోతలు మాత్రమే కూర్చుంటారు, వాళ్లకూ మధ్య గోడలుంటాయి. వేదిక పటం గీయించి మరీ చూపించాడు. మరి నాలుగూ కలిపి వినేదెవరండీ అన్నాను.

"అట్టి వ్యక్తి ఎవరును లేకుండునట్లు తగు చర్యలు తీసుకొనబడును" అన్నాడు.

ఆ పటంలో వీణకు ముందు భాగంలో, మధ్యన చోటిచ్చారు. క్లారినెట్, బుల్‌బుల్ చెరో పక్కన. డప్పును వెనక తలుపు అవతల, మెట్ల కింద గీశారు. అక్కడెందుకని అడిగితే సంప్రదాయానుసారం అన్నాడు. నా వెనక నుంచి చిట్టెయ్య మెడ చాచి ఆ పటం వంక చాలాసేపు చూశాడు.

"మా తాత నిలబడిన చోటేనమ్మా ఇది" అన్నాడు.

గొంతు పెంచలేదు. దారి అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈ కార్యాలయం పరిరక్షిస్తున్నదేమిటో నాకు అప్పటికి గానీ బోధపడలేదు. రంగుల సిరాలు, ఫారాలు, వారాల పేర్లు అన్నీ తీసేస్తే లోపల మిగిలేది ఎవరెక్కడ నిలబడాలన్న పాత లెక్కే. నా వీణను కూడా ఆ మెట్ల కిందే గీయండి, లేకపోతే ఆ పటం చింపేస్తాను అన్నాను. విరూపాక్షరావు ఎర్ర సిరా తీసి, 'వీణ, స్థానభ్రంశమునకు విజ్ఞప్తి' అని రాసుకున్నాడు. ఆ విజ్ఞప్తి వల్ల ఫైలు పైకార్యాలయానికి వెళ్లింది. అక్కడెవరో ఒక మహానుభావుడు, అసలు ఈ వాద్యాలు కలుస్తాయన్న సంగతి పరీక్షించి నిర్ధారించారా అని అడిగాడు. నిర్ధారించలేదు. గురువారం సాయంత్రం ఐదింటికల్లా నివేదిక పంపమన్నాడు. శుక్రవారం ఏసురత్నం పళ్లకు ఆఖరు రోజు.

ఆ పరీక్షకు 'మిశ్రమ నిర్ధారణ పరీక్ష' అని పేరు పెట్టారు. పద్ధతి ఇది. వాద్యాలను కలిపి పరీక్షిస్తే పరీక్షలోనే కలిసిపోయే ప్రమాదముంది కనుక, నాలుగింటినీ నాలుగు గదుల్లో పెట్టి, ఒక్కో గదిలో ఒక్కో నిపుణుడు వినాలి. ఒకటి తర్వాత ఒకటి వింటే ఐదింటికి నివేదిక తెమలదు. కనుక అందరూ ఒకేసారి, పదకొండు గంటలకు, అటెండరు నూకరాజు గంట కొట్టగానే, వేదిక మీద వాయించదలచినదంతా మొదటి నుంచి చివరి దాకా వాయించాలి. ప్రతి నిపుణుడూ తన గదిలోని వాద్యాన్నే వినాలి. ఇతర గదుల నుంచి ఏదైనా వినిపించినా, విననట్లుగా భావించవలెను. మామూలు పరీక్షల నిబంధనలే వర్తిస్తాయి. పరీక్షార్థి కుర్చీలో ఆసీనుడై ఉండవలెను.

మేం చదువుకున్నది చాలదన్నట్టు విరూపాక్షరావు ఆ ముక్కలన్నీ మాకు పైకి చదివి వినిపించాడు. నేను మస్తాన్ గారి మొహం చూశాను. ఆయన నా మొహం చూశారు. ఇద్దరం నోరెత్తలేదు. నోరెత్తితే విరూపాక్షరావుకు అర్థమైపోతుందని నాకు భయం వేసింది.

గురువారం వెళ్లాం. ఆ కార్యాలయం పాత తాలూకా కచేరీ భవనం. ఎత్తు గోడలు, వరసగా గదులు, గోడల పైన మూతల్లేని వెంటిలేటర్లు, అన్నింటి ముందూ ఒకటే పొడుగాటి వరండా. ఆ వరండా చివరే పింఛన్ల కిటికీ. తాము బతికే ఉన్నామని చూపించుకోవడానికి వచ్చిన ముసలివాళ్లు నూరు మంది దాకా ఉన్నారు. దగ్గులు, కేకలు, ఎవరి నంబరు ముందో అన్న తగువులు.

పెరట్లో డప్పు కాచుకోవడానికి చిట్టెయ్యకు గడ్డి దొరకలేదు. పొట్టి కాగితాలని తిప్పి పంపిన మా దరఖాస్తు ఐదు ప్రతులూ నా సంచీలోనే ఉన్నాయి. తీసిచ్చాను. చక్కగా మండాయి. డప్పు బిగిసి కంగుమంది. అగ్నిమాపక కేంద్రం నుంచి ఇసక బకెట్టుతో వచ్చిన నిపుణుడు పక్కనే నిలబడి, ఏ ఇబ్బందీ లేదని సంతకం పెట్టాడు. ఆయనే డప్పు గదికి పరీక్షకుడు.

బుల్‌బుల్‌కు టైపు పరీక్షలు జరిపించే ఒక మేష్టారిని పిలిపించారు. క్లారినెట్ విదేశీ వ్యవహారమని విరూపాక్షరావు స్వయంగా కూర్చున్నాడు. నా గదికి ఒక పెద్దాయన, సంగీతంలో చాలా లోతైనవాడట. ముందు కాగితం పెట్టుకుని, కలం మూత తీసి, కానివ్వమన్నట్టు తలూపాడు. తలుపులు మూశారు.

నూకరాజు గంట కొట్టాడు.

ఇంట్లో మేం ఎప్పుడూ చిట్టెయ్య రెండు దెబ్బలు వేశాకే అందుకుంటాం. మా మధ్య మూడు గోడలున్నాయి. ఆ రెండు దెబ్బలూ గోడల్లోంచి వచ్చి నా పాదాల కింద తగిలాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. బుల్‌బుల్ ఎప్పటిలా అర మాత్ర తొందరపడి, నాలుక కరుచుకున్నట్టు ఆగి, దారిలో పడింది. పైన వెంటిలేటర్లోంచి ఎదురుకోలు పాట దిగింది. ఒంటి ఇటుక గోడల మధ్య రెండేళ్లు వాయించినవాళ్లకు ఈ గోడలొక లెక్కా.

నా ఎదుటి పెద్దాయన కాసేపు రాసుకున్నాడు. తర్వాత కలం పడుకోబెట్టాడు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఇతర గదుల శబ్దం విననట్లుగా భావించవలెనన్నది గుర్తొచ్చి కాబోలు, ఆ చేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు. జేబు కదులుతూనే ఉంది.

మధ్యలో డప్పు వేళ్ల మీదికి దిగింది. అది నా చోటు. నేను వాయిస్తుంటే బయట దగ్గు వినపడలేదు. నూరు మంది ముసలివాళ్లున్న వరండాలో ఒక్క దగ్గు లేదు. చివర క్లారినెట్ ఒక స్వరం పట్టుకుని నిలబడాలి, మేం ముగ్గురం దాని చుట్టూ తిరిగి వచ్చి చేరాలి. ఆ రోజు ఏసురత్నం దాన్ని ఇంట్లో ఎన్నడూ పట్టనంతసేపు పట్టాడు. కదిలే పళ్లతో అది ఎంత నొప్పో నాకు తెలుసు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. వచ్చాయని చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

అయిపోయింది. ముగింపు గంట కొట్టడం నూకరాజు మర్చిపోయాడు. తలుపు తీసి చూస్తే అతను గంట కర్ర ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బెంచీల మీద చోటున్నంత మంది బెంచీల మీద, మిగిలినవాళ్లు నేల మీద, గోడకు జేరబడి కొందరు, అందరూ కూర్చునే ఉన్నారు. పింఛన్ల గుమాస్తా కూడా కిటికీలోంచి బయటికి వచ్చి కూర్చున్నాడు. ఏసురత్నం మూతి తుడుచుకుంటూ తన గదిలోంచి వచ్చి ఆ జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ అడిగింది.

"ఎవురి పెళ్లి నాయనా?"

"ఎవరిదీ కాదమ్మా. ఊరికేనండి" అన్నాడు.

శుక్రవారం పళ్లు తీసేశారు. మంగళవారం నివేదిక ప్రతి వచ్చింది. ఏసురత్నానికి చత్వారం, పైగా నోట్లో దూది. మా అరుగు మీద అందరం చేరాక నేనే చదివాను. వీణ శాస్త్రోక్తముగా ఉన్నది, ఇతరమేదియు వినబడినట్లు భావింపబడలేదు. బుల్‌బుల్ నిమిషమునకు నూట పది మీటలు, తప్పులు లేవు, హయ్యరు గ్రేడునకు అర్హము. డప్పు వలన అగ్ని ప్రమాదము సంభవించలేదు. నాలుగు గదులలోనూ ఒక్కొక్క వాద్యమే ఉన్నట్లు నలుగురు నిపుణులూ ఏకగ్రీవముగా ధ్రువీకరించినందున, వాద్యములు కలియుచున్నవను దరఖాస్తుదారుల వాదన నిరాధారము. కలయిక లేనందున కలయికకు అనుమతి ప్రశ్న ఉత్పన్నము కాదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇకపై ఇటువంటి అసత్య ప్రకటనలు చేయరాదు.

చిట్టెయ్య పగలబడి నవ్వాడు. మస్తాన్ గారు హయ్యరు గ్రేడు ముక్క మళ్లీ చదివించుకున్నారు. ఏసురత్నం మాత్రం దూది సర్దుకుని, నా గురించేం రాయలేదా అన్నట్టు తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. రెండో పేజీ తిప్పాను. పరీక్షా నిబంధనలు పాటించినట్లు విరూపాక్షరావు స్వహస్తాలతో, నీలం సిరాతో రాసిన పేరా ఉంది.

"దరఖాస్తుదారు ఏసురత్నం, తండ్రి పుల్లయ్య, పరీక్షాకాలమంతయు కుర్చీలో ఆసీనుడై ఉండెను. ఆ సమయమున వరండాలోని ప్రజలందరును కూర్చుని ఉండిరి. ఎవరును లేచి పోలేదు."

ఏసురత్నం వేలు పైకెత్తి గాల్లో చిన్న సున్నా చుట్టాడు, మళ్లీ చదవమని. మళ్లీ చదివాను. మూడోసారి చదవకముందే నా చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, క్లారినెట్ పెట్టె తెరిచి అన్నగారి పక్కన పెట్టి మూశాడు.